సీఎస్వీ ఫైలులో ఉన్న చెరువుల హద్దులను క్యూజీఐఎస్‌లో సరిదిద్దడం ఎలా?

చెరువుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలోని చెరువుల హద్దులను, వాటి తూముల, మత్తళ్ల (మిగులు నీరు పొర్లిపోయే చోట్ల) స్థానాలను నమోదు చేసే పనిని మేము నలుగురు స్నేహితులం సెలవు రోజుల్లో చేస్తున్నాము. ఇప్పటికి రెండు వందల పైచిలుకు చెరువుల వివరాలు ఒకే సీఎస్వీ ఫైలులోకి, అంటే గడులను కామాలతో విడదీసే అక్షర పట్టికలోకి, చేరాయి. ప్రతి వరుసలో చెరువు పేరు, ఊరు, శిఖం భూమి (చెరువు నీరు నిలిచే నేల) సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. మేము ‘హద్దు’ అని పేరు పెట్టుకున్న చివరి గడిలో చెరువు ఆకారం డబ్ల్యూకేటీ అనే, ఆకారాలను అక్షరాల్లో రాసే పద్ధతిలో, అంటే పాలిగాన్((79.5901 17.9712, 79.5934 17.9708, 79.5941 17.9679, 79.5901 17.9712)) వంటి రాతగా ఉంటుంది. ఆ మొదటి మాట ఫైలులో ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంది. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాశాను. తూములు, మత్తళ్లు వేరొక సీఎస్వీలో ఎక్స్, వై అనే రెండు నిలువు వరుసలుగా ఉన్నాయి.

మొదటి ఫైలును క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరులో ‘యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్’ ద్వారా తెరిస్తే చెరువులన్నీ పటం మీద చక్కగా కనిపిస్తున్నాయి, కానీ ఎడిటింగ్ మొదలుపెట్టే పెన్సిల్ గుర్తు బూడిద రంగులోనే ఉండిపోయి నొక్కినా పలకడం లేదు. అదే ఫైలును ‘యాడ్ వెక్టర్ లేయర్’ ద్వారా తెరిస్తే పెన్సిల్ పని చేస్తోంది, అయితే పటం మీద ఒక్క చెరువు కూడా రాకుండా పట్టిక మాత్రమే వస్తోంది. ఈ రెంటితో విసిగిపోయి ఒక చెరువు హద్దులోని నాలుగు బిందువులను నోట్‌ప్యాడ్‌లోనే దిద్దాను. ఎక్కడో ఒక బ్రాకెట్టు పోయినట్టుంది, ఆ చెరువు పటం మీదనుంచి మాయమైంది. మా బృందంలో మరొకరు అదే ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసిన తరువాత 12/5 అన్న సర్వే నంబరు మే నెల 12వ తేదీగా మారి కూర్చుంది.

అక్షర రూపంలో ఉన్న ఈ హద్దులను ఉన్నచోటనే దిద్దుకునే మార్గం ఏదైనా ఉన్నదా, లేక వేరే ఫార్మాట్‌లోకి మార్చక తప్పదా అన్నది నా ప్రశ్న. సీఎస్వీని పూర్తిగా వదులుకోవడం మాకు కష్టం, ఎందుకంటే మాలో ఇద్దరి దగ్గర క్యూజీఐఎస్ నడిచే కంప్యూటరు లేదు. వారు పేర్లు, సర్వే నంబర్లు, విస్తీర్ణాలు ఫోనులోనో పాత ల్యాప్‌టాప్‌లోనో నింపుతుంటారు.


రేఖాంశం

చెరువుగట్టు గారూ, మీరు చూసింది లోపం కాదు. ఒకే ఫైలులోకి క్యూజీఐఎస్ రెండు వేర్వేరు గుమ్మాల గుండా వెళ్తుంది, ఆ రెండు గుమ్మాల కాపలాదారులు వేరు. డీలిమిటెడ్ టెక్స్ట్ అన్నది క్యూజీఐఎస్ తనకోసం తానే రాసుకున్న చదువరి. అది టెక్స్ట్‌ను చదివి, ఆకారంగా మార్చి చూపిస్తుందే తప్ప తిరిగి రాయడం దానికి నేర్పలేదు. అందుకే పెన్సిల్ నిద్రపోతుంది. వెక్టర్ లేయర్ గుమ్మం దగ్గర ఉండేది ఓజీఆర్ అనే లైబ్రరీ. దానికి సీఎస్వీని చదవడమూ తెలుసు, రాయడమూ తెలుసు. కానీ ఏ నిలువు వరుసలో ఆకారం ఉన్నదో దానికి పేరును బట్టి తెలియాలి. ఆ వరుసకు డబ్ల్యూకేటీ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలే పేరుగా ఉంటే అది గుర్తుపడుతుంది, ‘హద్దు’ అని ఉంటే మామూలు అక్షరాల గడి అనుకొని వదిలేస్తుంది. పేరు మార్చి మళ్లీ తెరిచి చూడండి, చెరువులు కనిపిస్తాయి.

అంతటితో పని అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. ఓజీఆర్ సీఎస్వీని సేవ్ చేసే ప్రతిసారీ ఫైలు మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి రాస్తుంది. ఒక్క బిందువు కదిపినా రెండు వందల వరుసలూ కొత్తగా రాయబడతాయి, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు. పైగా ఏ గడిలో అంకె, ఏ గడిలో అక్షరం అన్న సమాచారం సీఎస్వీలో ఉండదు. ఒకటి రెండు పేర్లు దిద్దడానికి ఈ దారి చాలు. హద్దులు కదిపే పనికి నేను దీనిని నమ్ముకోను.

నా సలహా ఏమిటంటే, డీలిమిటెడ్ టెక్స్ట్ గుమ్మం గుండానే తెరిచి, లేయర్ మీద కుడి నొక్కుతో వచ్చే ఎక్స్‌పోర్ట్‌లో ‘సేవ్ ఫీచర్స్ యాజ్’ ఎంచుకొని జియోప్యాకేజ్‌గా, అంటే ఆకారాలను, పట్టికను ఒకే ఫైలులో ఉంచే ఫార్మాట్‌లో, దాచుకోండి. షేప్‌ఫైల్ అనే పాత పటాల ఫార్మాట్ వైపు వెళ్లకండి. అందులో నిలువు వరుస పేరుకు పది బైట్లకు మించి చోటు లేదు, యూనికోడ్ యూటీఎఫ్-8 రూపంలో ఒక్కొక్క తెలుగు అక్షరసంకేతం మూడు బైట్లు తింటుంది కనుక ‘విస్తీర్ణం’ అన్న పేరు సగంలోనే తెగిపోతుంది. మార్చడానికి ముందు ఒక్క పని తప్పకుండా చేయండి: సీఎస్వీలో ఎన్ని వరుసలు ఉన్నాయో, లేయర్‌లో ఎన్ని ఆకారాలు వచ్చాయో లెక్క పోల్చండి. రాత చెడిన ఆకారాలను డీలిమిటెడ్ టెక్స్ట్ పక్కన పెట్టేసి, ఇన్ని వరుసలు వదిలేశానని మెసేజీల ప్యానెల్‌లో చెప్పి ఊరుకుంటుంది. ఆ ప్యానెల్ చూడనివారు ఆ చెరువులను పోగొట్టుకున్నట్టే, ఎందుకంటే జియోప్యాకేజ్‌లోకి అవి రావు.

నోట్‌ప్యాడ్‌లో అంకెలు దిద్దడం మీకు ఇష్టమని అనిపించింది. దానికి క్యూజీఐఎస్ లోపలే చోటు ఉంది. పెన్సిల్ నొక్కి, హద్దు బిందువులను కదిపే వెర్టెక్స్ టూల్ తీసుకొని, చెరువు మీద కుడి నొక్కు ఇస్తే పక్కన వెర్టెక్స్ ఎడిటర్ అనే ప్యానెల్ తెరుచుకుంటుంది. హద్దులోని ప్రతి బిందువుకూ ఎక్స్, వై విలువలు పట్టికగా కనిపిస్తాయి, వాటిలో నేరుగా అంకె టైపు చేయవచ్చు, టైపు చేసిన మరుక్షణం పటం మీద బిందువు కదులుతుంది. బ్రాకెట్టు పోగొట్టుకునే అవకాశమే అక్కడ లేదు. ఒకే చెరువు హద్దును పూర్తిగా కొత్త రాతతో మార్చాలంటే, గడులను సూత్రాలతో నింపే ఫీల్డ్ క్యాల్కులేటర్‌లో ‘జామెట్రీ’ని (ఆకారాన్ని) లక్ష్యంగా ఎంచుకొని జియోమ్ ఫ్రమ్ డబ్ల్యూకేటీ అన్న ఫంక్షన్‌కు ఆ రాతను ఇవ్వవచ్చు, అయితే ఆ ఒక్క చెరువును సెలెక్ట్ చేసి ఉంచడం మరిచిపోతే రెండు వందల చెరువులూ ఒకే చెరువు ఆకారంలోకి మారిపోతాయి.

తిరిగి సీఎస్వీగా ఇవ్వవలసి వచ్చినప్పుడు అదే ఎక్స్‌పోర్ట్ కిటికీలో జామెట్రీ అన్న ఎంపిక ఉంటుంది. దానిని డిఫాల్ట్‌లో వదిలేస్తే ఆకారాలు లేకుండా ఉత్త పట్టికే రాస్తుంది; ‘యాజ్ డబ్ల్యూకేటీ’ ఎంచుకోవాలి. నేను మొదటిసారి చేసినప్పుడు ఆ ఎంపికను చూడనేలేదు, అసలు ఫైలు చెరిపేసిన తరువాత తెలిసింది.


గొలుసుకొలత

భూమి కొలతల పనిలో చాలా ఏళ్లు గడిపిన వాడిని, సాఫ్ట్‌వేరు ఆలస్యంగా నేర్చుకున్నాను. రేఖాంశం గారు ఆకారాల గురించి చెప్పినదంతా సరిగానే ఉంది. కానీ చెరువుగట్టు గారి ఫైలులో నాకు భయం కలిగించేది ఆకారాల గడి కాదు, విస్తీర్ణం గడి.

తెలంగాణలో రెండు ఎకరాల ఇరవై గుంటలను 2.20 అని రాయడం పాత అలవాటు. ఇక్కడి చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య గోడ. ఎకరానికి 40 గుంటలు కనుక ఆ భూమి నిజానికి రెండున్నర ఎకరాలు. కంప్యూటరు దానిని అంకెగా చదివితే రెండు ఎకరాల ఎనిమిది గుంటలు అవుతుంది, పన్నెండు గుంటలు గాలిలో కలుస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. ఎక్సెల్ చివరి సున్నాకు విలువ లేదని 2.20ని 2.2గా సేవ్ చేస్తుంది, తరువాత చూసిన మనిషి దానిని రెండు ఎకరాల రెండు గుంటలు అని చదువుతాడు. ఒకే గడి, మూడు విస్తీర్ణాలు. కొందరు చుక్కకు బదులు అడ్డగీత పెట్టి 2-20 అని రాస్తారు. అది ఎక్సెల్ చేతిలో తేదీగా మారుతుంది. మీ 12/5కు పట్టిన గతే దానికీ పడుతుంది.

కాబట్టి ఎకరాలు ఒక గడిలో, గుంటలు మరొక గడిలో, రెండూ పూర్ణాంకాలుగా ఉంచండి. సర్వే నంబరును ఎప్పుడూ అక్షరాల గడిగానే ప్రకటించండి. 45/అ, 45/ఆ వంటి బై నంబర్లు ఉన్న ప్రాంతంలో అది ఎలాగూ అంకె కాజాలదు. ప్రకటించడానికి సులువైన దారి ఉంది. సీఎస్వీ పేరుతోనే, చివర సీఎస్వీటీ అన్న పొడిగింపుతో ఒక చిన్న ఫైలు పక్కన పెట్టి, అందులో ఒకే ఒక వరుసలో స్ట్రింగ్, ఇంటీజర్, రియల్ అని నిలువు వరుసల క్రమంలో, ఒక్కొక్కటి కొటేషన్ గుర్తుల మధ్య, కామాలతో రాస్తే చాలు. క్యూజీఐఎస్ రెండు గుమ్మాల దగ్గరా దానిని గౌరవిస్తుంది. ఎక్సెల్ మాత్రం గౌరవించదు. అక్కడ ఫైలును రెండు నొక్కులతో తెరవకుండా, డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్’ గుండా తీసుకొని, ఆ నిలువు వరుసను టెక్స్ట్ అని చెప్పాలి. లిబ్రెఆఫీస్ క్యాల్క్ అయితే తెరిచేటప్పుడే ఇవన్నీ అడుగుతుంది. మీ స్నేహితుల పాత ల్యాప్‌టాప్‌కు అదే మేలు.

ఎక్సెల్‌తో మరొక చిక్కు ఉంది. దాని గడిలో 32,767 అక్షరాలకు మించి పట్టవు. ఆరు దశాంశ స్థానాలతో రాసిన బిందువు ఇరవై అక్షరాలకు కాస్త అటూ ఇటూ తీసుకుంటుంది కనుక, పదిహేను వందల బిందువులున్న హద్దు ఆ గడి అంచుకు చేరుతుంది. ఉపగ్రహ చిత్రం నుంచి మెషీన్ గీసిన పెద్ద చెరువు హద్దుకు అన్ని బిందువులు ఉండడం వింత కాదు. ఆ రాత తెగితే బ్రాకెట్టుతో పాటు చెరువు సగం పోతుంది.

విస్తీర్ణాన్ని సరిచూడడానికి పటమే సాక్షి. ఫీల్డ్ క్యాల్కులేటర్‌లో డాలరు గుర్తుతో మొదలయ్యే ఏరియా వాడితే, ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) పెట్టి ఉన్నంతవరకు, భూమి వంపును లెక్కలోకి తీసుకొని విస్తీర్ణం ఇస్తుంది. దానిని చదరపు మీటర్లలో పెట్టుకొని 4046.86తో భాగిస్తే ఎకరాలు వస్తాయి. డాలరు లేని ఏరియా ఫంక్షన్‌ను అక్షాంశ రేఖాంశాల మీద వాడితే చదరపు డిగ్రీలు వస్తాయి, వాటితో ఎవరికీ పని లేదు. స్థానాలను మీటర్లలో చెప్పే యూటీఎమ్ పద్ధతిలోకి మార్చి లెక్కించాలంటే వరంగల్‌కు 44వ జోన్, అంటే ఈపీఎస్‌జీ సంకేతం 32644 సరిపోతుంది. అది 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం వరకే వర్తిస్తుంది కనుక జహీరాబాద్, అనంతపురం వైపు వారికి 43, ఇచ్ఛాపురం వారికి 45 పడుతుంది. కాగితం మీది విస్తీర్ణం, పటం చెప్పిన విస్తీర్ణం పక్కపక్కన పెట్టి చూస్తే గుంటలను దశాంశాలుగా చదివిన వరుసలు చాలావరకు వాటంతట అవే బయటపడతాయి. అన్నీ కావు, చెరువు కాగితం మీద ఉన్నంత నేల మీద ఉండకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయని మనకు తెలిసిందే.


కామా

పై ఇద్దరితోనూ కొంత విభేదిస్తాను. జియోప్యాకేజ్ మంచిదే, కానీ నలుగురు కలిసి చేసే పనిలో టెక్స్ట్ ఫైలుకు ఉన్న ఒక గుణం దానికి లేదు. నిన్నటి ఫైలుకూ నేటి ఫైలుకూ మధ్య ఏ చెరువు హద్దు, ఏ బిందువు దగ్గర, ఎంత మారిందో టెక్స్ట్‌లో కంటితో చూడవచ్చు; గిట్ వంటి పనిముట్టు ఆ తేడాను వరుసతో సహా చూపిస్తుంది. జియోప్యాకేజ్ ఒక ఎస్క్యూఎల్ లైట్ డేటాబేసు. దానిలో ఒక చెరువు పేరు మార్చినా గిట్‌కు కనిపించేది ఫైలు మారిందన్న ఒక్క ముక్కే. ఎవరు ఏమి చెడగొట్టారో తెలియని ఉమ్మడి పనిలో అది చిన్న విషయం కాదు.

అయితే టెక్స్ట్‌కు ఆ గుణం దానంతట అది రాదు. క్యూజీఐఎస్ నుంచి వచ్చే డబ్ల్యూకేటీలో దశాంశ స్థానాలు పన్నెండు, పదమూడు దాకా సాగుతాయి. ఐదవ స్థానం సుమారు ఒక మీటరు, ఆరవ స్థానం సుమారు పదకొండు సెంటీమీటర్లు. ఫోను జీపీఎస్‌తో మత్తడి మీద నిలబడి తీసుకున్న బిందువే కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, కనుక ఆరు దాటిన అంకెలన్నీ ఉత్త చప్పుడే. ఆ చప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ చివర్లో కొద్దికొద్దిగా మారి, కదలని చెరువులను కూడా కదిలినట్టు చూపించవచ్చు. నేను యాజ్ డబ్ల్యూకేటీని వాడను. ఫీల్డ్ క్యాల్కులేటర్‌లో జియోమ్ టు డబ్ల్యూకేటీ ఫంక్షన్‌కు రెండవ విలువగా 6 ఇచ్చి, ఆ రాతను ఒక టెక్స్ట్ గడిలో నింపి, జామెట్రీ ఎంపికను డిఫాల్ట్‌లోనే ఉంచి ఎక్స్‌పోర్ట్ చేస్తాను. వరుసలన్నీ ఎప్పుడూ ఒకే క్రమంలో ఉండేలా చెరువు సంఖ్యను బట్టి ముందే సార్ట్ చేసుకుంటాను.

ఇక అసలు మాట. చెరువుగట్టు గారి బృందంలో ఇద్దరు ఆకారాలను ముట్టుకోరు, ముట్టుకోవలసిన అవసరమూ వారికి లేదు. అలాంటప్పుడు పేర్లు, సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు ఉన్న పట్టికలో వేల అక్షరాల హద్దు రాతను ఎందుకు ఉంచాలి? ప్రతి చెరువుకూ ఎన్నటికీ మారని ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యా, మాటల్లో ఉండే వివరాలూ సీఎస్వీలో ఉంచండి. అదే సంఖ్యా, హద్దూ మాత్రమే జియోప్యాకేజ్‌లో ఉంచండి. క్యూజీఐఎస్‌లో లేయర్ ప్రాపర్టీస్‌లోని జాయిన్స్ పేజీలో రెండింటినీ ఆ సంఖ్య మీద కలపండి. అప్పుడు సీఎస్వీని డీలిమిటెడ్ టెక్స్ట్‌గా తెరిచినా నష్టం లేదు. పెన్సిల్ పలకకపోవడం పైగా లాభమే, ఎందుకంటే పటం ముందు కూర్చున్న మీరు పొరపాటున కూడా వారి పట్టికను దిద్దలేరు. తెరిచే కిటికీలో ‘వాచ్ ఫైల్’ అన్న గడిని టిక్ చేస్తే, వేరొకరు సీఎస్వీని మార్చి సేవ్ చేసినప్పుడు క్యూజీఐఎస్ దానిని మళ్లీ చదువుకుంటుంది. జాయిన్ కుదరకపోతే సంఖ్య ఒకవైపు అక్షరాలుగా, మరొకవైపు అంకెగా ఉన్నదేమో చూడండి; 07, 7 ఒకటి కావు. గొలుసుకొలత గారు చెప్పిన సీఎస్వీటీ ఫైలు అక్కడా పనికివస్తుంది.

సీఎస్వీలో డబ్ల్యూకేటీ ఉంచి తీరాలనుకునేవారు ఆ గడి చుట్టూ డబుల్ కొటేషన్ గుర్తులు ఉండేలా చూసుకోవాలి. బిందువుల మధ్య కామా, నిలువు వరుసల మధ్య కామా ఒకటే కావడమే ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం. ట్యాబ్‌తోనో నిలువు గీతతోనో నిలువు వరుసలు విడగొడితే సగం బాధలు తప్పుతాయి. నా పేరు కామా అయినా ఈ విషయంలో నేను కామా పక్షం కాదు.


చెరువుగట్టు

ముగ్గురికీ ధన్యవాదాలు. వారం రోజులు ప్రయత్నించి ఫలితం చెబుతున్నాను, నాలాంటివారు తరువాత వస్తే పనికివస్తుంది.

ముందుగా వరుసలు లెక్కపెట్టాను. మూడు చెరువులు తక్కువగా తేలాయి. ఒకటి నేను నోట్‌ప్యాడ్‌లో బ్రాకెట్టు పోగొట్టినది. మిగిలిన రెండింటికి కొటేషన్ గుర్తులు లేవు, అందువల్ల హద్దు మొదటి బిందువు దగ్గరే తెగి, మిగిలిన బిందువులు పక్క గడుల్లోకి ఒలికిపోయాయి. ఆ రెండూ ఎప్పటినుంచి పటం మీద లేవో మాకు తెలియదు, ఎవరమూ గమనించలేదు.

తూముల ఫైలులో వేరే వింత బయటపడింది. పదకొండు తూములు వరంగల్‌లో కాకుండా ఉత్తర ధ్రువానికి దగ్గరలోని స్వాల్‌బార్డ్ దీవుల వద్ద తేలాయి. ఒక స్నేహితుడు ఫోనులో కనిపించిన క్రమంలోనే అక్షాంశాన్ని ఎక్స్‌లో, రేఖాంశాన్ని వైలో నింపాడు; 17.97ను రేఖాంశంగా, 79.59ను అక్షాంశంగా తీసుకుంటే అక్కడికే చేరతాము. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి ఆ దీవుల్లోనే ఉందని తెలిసి అందరం కాసేపు నవ్వుకున్నాము. ఆ పదకొండింటినీ సెలెక్ట్ చేసి ‘స్వాప్ ఎక్స్ అండ్ వై కోఆర్డినేట్స్’ నడిపితే కొత్త లేయర్‌లో వెనక్కి వచ్చాయి.

అయితే అక్కడే మరొక తప్పు దొరికింది. జియోప్యాకేజ్‌లో తూము బిందువులు సరైన చోట ఉన్నాయి గానీ పట్టికలోని ఎక్స్, వై గడులు పాత తప్పు అంకెలనే చూపిస్తున్నాయి. బిందువును కదిపితే గడి కూడా మారుతుందని నేను అనుకున్నాను. అలా జరగడం లేదు, పైగా ‘యాజ్ ఎక్స్‌వై’తో ఎక్స్‌పోర్ట్ చేస్తే ముందు కొత్త ఎక్స్, వై, వెనుక పాత ఎక్స్, వై రెండు జతలూ వస్తున్నాయి.

విస్తీర్ణాల విషయంలో గొలుసుకొలత గారి మాట నిజమైంది. పటంతో పోల్చి చూస్తే నలభైకి పైగా వరుసల్లో గుంటలు దశాంశాలుగా చదవబడ్డాయి. ఎకరాలు, గుంటలు వేరు చేశాము, చివరి సున్నా పోయినవి మాత్రం కాగితాలు తీసి ఒక్కొక్కటిగా చూడవలసి వచ్చింది. కామా గారు చెప్పినట్టు హద్దులను, వివరాలను రెండు ఫైళ్లుగా విడగొట్టాము. నా స్నేహితులు ఇప్పుడు డబ్ల్యూకేటీ అన్న మాటే వినకుండా పని చేసుకుంటున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. ఒకే కట్టకు అటూ ఇటూ ఆనుకొని ఉన్న రెండు చెరువుల హద్దులకు కొన్ని బిందువులు ఉమ్మడిగా ఉన్నాయి. వెర్టెక్స్ ఎడిటర్‌లో ఒకదాని అంకె మార్చితే రెండవది పాత చోటే ఉండి, మధ్యలో సన్నని ఖాళీ ఏర్పడుతోంది.


రేఖాంశం

ఎక్స్, వై గడులు మారకపోవడం సహజమే. జియోప్యాకేజ్‌లోకి వచ్చిన తరువాత అవి ఊరి పేరు లాంటి మామూలు గడులు; బిందువు స్థానం వేరే చోట దాచి ఉంటుంది. ఆ రెండు గడులనూ తీసివేయండి. ఎవరికైనా పట్టికలో అంకెలు కావాలంటే ఎక్స్‌పోర్ట్ సమయంలో వచ్చే జత చాలు.

ఉమ్మడి బిందువుల కోసం స్నాపింగ్ (దగ్గరి బిందువుకు అతుక్కునే) టూల్‌బార్‌ను పైకి తెచ్చి, అందులో ఉమ్మడి బిందువులను కలిపి కదిపే టోపోలాజికల్ ఎడిటింగ్‌ను ఆన్ చేయండి. ఆ తరువాత వెర్టెక్స్ టూల్‌తో కట్ట మీది బిందువును పటం మీదనే పట్టి లాగితే రెండు చెరువుల హద్దులూ కలిసి కదులుతాయి. రెండు బిందువులూ నిజంగా ఒకే చోట ఉన్నప్పుడే అవి కలిసి కదులుతాయి. ఇప్పటికే ఏర్పడిన ఖాళీలను ముందుగా స్నాపింగ్ ఆన్ చేసి ఒకదాని బిందువును మరొకదాని మీదికి లాగి మూసుకోవాలి.


గొలుసుకొలత

ఖాళీలు మూసేటప్పుడు ఏ చెరువు హద్దును కదల్చకుండా ఉంచాలో ముందే నిర్ణయించుకోండి. కట్ట మీద నడిచి బిందువులు తీసుకున్న చెరువును స్థిరంగా ఉంచి, చిత్రం చూసి గీసిన దానిని దాని మీదికి జరపడం మేలు. చివరిసారి కాగితాలు తీసినప్పుడు చూడకపోతే, ఆ రెండు చెరువులలో ఏదో ఒకదాని శిఖం కట్ట అవతలికి కూడా విస్తరించి ఉన్నదేమో చూడండి. అలా ఉంటే అది ఖాళీ కాదు, ఆ భూమికి వేరే సర్వే నంబరు ఉండవచ్చు.